రిక్రూటింగ్ టీమ్ అంటే రెజ్యూమెలు అందించే కౌంటర్ కాదని మేనేజ్‌మెంట్‌కి ఎలా చెప్పాలి?

వెన్నెల_టీఏ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. తొమ్మిదేళ్లుగా రిక్రూటింగ్‌లోనే ఉన్నాను, మొదట ఏజెన్సీలో, ఆ తర్వాత కంపెనీల్లో. మూడు నెలల కిందట నన్ను టాలెంట్ అక్విజిషన్ (కంపెనీకి కావలసిన మనుషుల్ని వెతికి తెచ్చే పని) లీడ్‌ని చేశారు, నాతో కలిపి టీమ్‌లో ఐదుగురం. బాధ్యత అప్పగిస్తూ మా హెచ్‌ఆర్ హెడ్ చెప్పినవి రెండే మాటలు: ఈ పని కంపెనీ ప్లానింగ్‌లో భాగం కావాలి, వచ్చే క్యాండిడేట్లని మనుషుల్లా చూడాలి. నేను ఎన్నాళ్లుగానో అనుకుంటున్నదే కదా అని సంతోషపడ్డాను. కానీ ప్రతి సోమవారం రివ్యూలో నన్ను అడిగేది ఒక్కటే, ఎన్ని పొజిషన్లు క్లోజ్ చేశారు, ఒక్కోదానికి ఎన్ని రోజులు పట్టింది అని.

రోజూ జరిగేది చెప్తాను. ఒక మేనేజర్ ఎప్పుడో రెండేళ్ల కిందటి జేడీని (జాబ్ డిస్క్రిప్షన్, అంటే ఆ ఉద్యోగంలో ఏం చేయాలో, ఏ అర్హతలు కావాలో రాసిన కాగితం) ఫార్వర్డ్ చేసి, పైన "అర్జెంట్" అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. మేం వెతికి వెతికి 12 ప్రొఫైల్స్ పంపితే 11 వెనక్కి వస్తాయి, కామెంట్ కాలమ్‌లో "నాట్ ఫిట్" తప్ప ఇంకేం ఉండదు. ఎందుకు ఫిట్ కాదో తెలీకుండా మళ్లీ ఇంకో పన్నెండు వెతకాలి.

ఈ పోస్ట్ రాయడానికి అసలు కారణం వేరే ఉంది. పోయిన నెల ఒక క్యాండిడేట్ ఫోన్ చేశారు. నాలుగు రౌండ్లు పూర్తయి 23 రోజులైంది, మా నుంచి ఒక్క మెసేజ్ వెళ్లలేదు. కోపంగా కూడా మాట్లాడలేదు ఆవిడ. "రాలేదని చెప్పినా ఫర్వాలేదు మేడమ్, వేరేచోట ఆఫర్ ఉంది, రేపటిలోగా వాళ్లకి ఏదో ఒకటి చెప్పాలి" అన్నారు. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. మేనేజర్ ఫీడ్‌బ్యాక్ రాయలేదు, నేను గట్టిగా వెంటపడలేదు. కనుక్కుని చెప్తానని పెట్టేశాను. మర్నాడు కనుక్కుంటే ఆ పొజిషన్‌నే ఫైనాన్స్ వాళ్లు హోల్డ్‌లో పెట్టేశారట, మా టీమ్‌కి ఎవరూ చెప్పలేదు. ఆవిడ గొంతు ఇంకా నా చెవిలోనే ఉంది.

ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. మీరు నిజంగా చేసి చూసినవి కావాలి. కొత్త సాఫ్ట్‌వేర్ కొనమని మాత్రం దయచేసి చెప్పొద్దు, మా దగ్గర ఇప్పటికే మూడు ఉన్నాయి.

పదిహేడేళ్ల_ప్రయాణం

వెన్నెల గారూ, మీరు రెండు సమస్యలు అనుకుంటున్నారు గానీ నాకు ఒక్కటే కనిపిస్తోంది. ఆ పదకొండు ప్రొఫైల్స్ వెనక్కి రావడానికీ, ఆవిడకి 23 రోజులు జవాబు లేకపోవడానికీ మూలం ఒకటే. ఆ ఉద్యోగం ఏంటో, అసలు అవసరమా కాదా అన్నది మీ కంపెనీలో ఎవరూ కూర్చుని ఆలోచించకుండానే పొజిషన్ తెరిచారు. అక్కడ తప్పు జరిగాక మీరెంత మర్యాదగా మెయిల్స్ రాసినా ప్రయోజనం ఉండదు.

నేను చేసిన మొదటి పని, జేడీని మెయిల్‌లో తీసుకోవడం మానేశాను. మేనేజర్ 45 నిమిషాలు కూర్చుంటేనే పొజిషన్ తెరుస్తాం అన్నాను. మొదటి నెల చాలా గొడవైంది, మా డైరెక్టర్ దాకా వెళ్లింది. అయినా వెనక్కి తగ్గలేదు.

ఆ 45 నిమిషాల్లో జేడీ జోలికి పోను. ఇంతకుముందు ఈ పని ఎవరు చేశారు, ఎందుకు వెళ్లిపోయారు అని అడుగుతాను. చేరినవాళ్లు ఆరు నెలల్లో ఏం పూర్తి చేస్తే "సరైన మనిషిని తీసుకున్నాం" అని మీకు అనిపిస్తుంది? జేడీలో రాసిన అర్హతల్లో మూడు నెలల్లో ఇక్కడే నేర్చుకోగలిగినవి ఏవి? ఇక చివరి ప్రశ్న, చాలామంది అడగడానికి మొహమాటపడేది, ఈ పొజిషన్ ఆరు నెలలు ఖాళీగా ఉంటే ఏం ఆగిపోతుంది? ఈ ప్రశ్నకి జవాబు దొరక్క వాళ్లంతట వాళ్లే వెనక్కి తీసుకున్న పొజిషన్లు ఉన్నాయి. అలా ఆగిన ప్రతి పొజిషన్‌తో కొన్ని పదుల మంది క్యాండిడేట్ల టైమ్ మిగిలినట్టే.

ఒకసారి కస్టమర్ సపోర్ట్‌కి టీమ్ లీడ్ కావాలన్నారు. ఎనిమిదేళ్ల అనుభవం, ఎంబీఏ, ఫలానా టూల్ వచ్చి ఉండాలి, ఇదీ లిస్ట్. నేను అడిగింది, మీ దగ్గర ఈ పని అందరికంటే బాగా చేసిన మనిషి ఎవరు, వాళ్లు చేసిన ఒక్క పని చెప్పండి అని. ఆయన కాసేపు ఆలోచించి ఒకమ్మాయి గురించి చెప్పారు. రెండోసారి తిరిగొచ్చిన ప్రతి కంప్లయింట్‌ని ఆ అమ్మాయి నోట్‌బుక్‌లో రాసుకుని, శుక్రవారం మధ్యాహ్నం ప్రొడక్ట్ టీమ్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేదట, ఇది ఎందుకు మళ్లీ వస్తోందో చెప్పేదాకా లేచేది కాదట. చెప్తున్నప్పుడే ఆయన ముఖం మారిపోయింది. ఎందుకంటే ఆ లిస్ట్‌లో ఈ గుణం ఎక్కడా లేదు. ఎంబీఏ తీసేశాం, ఎనిమిదేళ్లు తీసేశాం. చివరికి మనిషి బయట దొరకలేదు, కంపెనీలోనే, బిల్లింగ్ టీమ్‌లో ఉన్నాడు.

ఇది నా సొంత తెలివి కాదండి. జాన్ ఫ్లానగన్ అనే సైకాలజిస్ట్ రెండో ప్రపంచ యుద్ధ సమయంలో అమెరికా వైమానిక దళం కోసం పనిచేస్తూ తయారుచేసి, 1954లో పేపర్‌గా రాసిన పద్ధతి. పని చాలా బాగా జరిగిన, బాగా చెడిపోయిన ఘటనలు పోగుచేస్తే ఆ పనికి ఏం కావాలో వాటిలోంచే బయటపడుతుంది. ఇప్పటికీ ఇంతకంటే మంచి దారి నాకు కనపడలేదు.

రెండోది ఇంటర్వ్యూ. అందరికీ అవే ప్రశ్నలు, ఎలాంటి జవాబుకి ఎన్ని మార్కులో ముందే రాసిపెట్టుకోవడం. ఏ పద్ధతిలో ఎంపిక చేస్తే తర్వాతి పనితీరుని బాగా ఊహించగలం అన్నదాని మీద 1998లో ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు 85 ఏళ్ల పరిశోధనలని కలిపి చూశారు. 2022లో శాకెట్, ఆయన సహచరులు ఆ లెక్కలని తిరగదోడి, పాతవి కొంచెం ఎక్కువ చేసి చూపించాయన్నారు. అలా సరిచేశాక కూడా పైన నిలిచింది ఇలా క్రమం ప్రకారం చేసే ఇంటర్వ్యూనే. ఎన్నేళ్ల అనుభవం అన్నది మాత్రం బాగా అడుగున ఉంది, మనం జేడీలో మొదటి లైన్‌లో రాసేది అదే.

సోమవారం రివ్యూ సంగతి. రోజుల లెక్కని వాళ్లు మానరు, మీరు దాన్ని ముక్కలు చేసి చూపించండి. నేను ఒక పొజిషన్ తీసుకుని 52 రోజులు ఎవరి టేబుల్ మీద ఎన్ని గడిచాయో రాశాను. మా దగ్గర 14, మేనేజర్ ఫీడ్‌బ్యాక్ కోసం 21, అప్రూవల్స్ కోసం 17. ఆ ఒక్క స్లైడ్ తర్వాత మీటింగ్‌లో నన్ను తప్ప అందరినీ ప్రశ్నలు అడిగారు.

కోడ్_కాపలా

నేను అవతలి పక్క మనిషిని, ఇంజినీరింగ్ మేనేజర్‌ని. "నాట్ ఫిట్" అని రాసి పంపినవాళ్లలో నేనూ ఉన్నాను, అందుకే నిజం చెప్తాను. మాకే సరిగ్గా తెలీనప్పుడు రాసే మాట అది. పదకొండు మంది చేయాల్సిన పని ఎనిమిది మందితో లాగుతుంటాం, మధ్యలో రోజుకి రెండు ఇంటర్వ్యూలు, ఫీడ్‌బ్యాక్ ఫారం చూస్తేనే నీరసం వస్తుంది.

నన్ను మార్చింది మా రిక్రూటర్. ఆవిడ పెట్టిన రూల్ ఒక్కటే, ఇంటర్వ్యూ అయ్యాక ఒకరితో ఒకరు మాట్లాడుకునే ముందు ఎవరి స్కోరు వాళ్లు రాయాలి, రాసేదాకా మిగతావాళ్లవి కనిపించవు. అంతకుముందు ఏమయ్యేదంటే నేను బయటికొచ్చి "పర్లేదు, కొంచెం వీక్" అనగానే మిగతా ముగ్గురి అభిప్రాయం కూడా అటే ఒరిగేది, నాకది తెలిసేది కూడా కాదు. రూల్ పెట్టిన రెండో వారమే ఒక క్యాండిడేట్‌కి నేను 2 ఇచ్చాను, మా టీమ్‌లో అందరికంటే జూనియర్ 4 ఇచ్చింది. ఎందుకమ్మా అంటే తను రాసుకున్నది చదివింది. రిలీజ్ అర్ధరాత్రి ఫెయిలైతే ఏం చేశావని అడిగితే, ముందు ఎవరికి ఫోన్ చేశాడో, ఏది వెనక్కి తిప్పాడో, ఏది ముట్టుకోకూడదని ఆగాడో వరసగా చెప్పాడట. నేను అతన్ని అరగంట పాటు సింటాక్స్, అంటే కోడ్ రాసే రూల్స్, అడిగాను. మాకు కావలసింది అర్ధరాత్రి నిలబడేవాడు. తీసుకున్నాం, ఇప్పుడు మా ఆన్‌కాల్, అంటే వేళకాని వేళ సిస్టమ్ ఆగితే లేచి చూసే పని, మొత్తం అతనే చూసుకుంటాడు.

రిక్రూటర్ల నుంచి నేను కోరుకునేది ఒకటుంది. "మార్కెట్ టఫ్‌గా ఉంది సర్" అని చెప్పకండి, దాంతో నేనేం చేసుకోను? మావాళ్లు ఒకసారి ఇలా చెప్పారు, 60 మందితో మాట్లాడాం, 40 మంది వద్దన్నారు, అందులో 25 మంది వారంలో ఐదు రోజులూ ఆఫీసుకి రావాలన్న షరతు దగ్గరే ఆగిపోయారు. ఆ కాగితం పట్టుకుని నేను మా వీపీ దగ్గరికి వెళ్లాను, మా టీమ్ వరకు షరతు సడలించారు. బయట నోళ్లలో మా గురించి ఏం నలుగుతోందో రోజూ వినేది కంపెనీలో మీరొక్కరే. అది పైకి చేర్చండి, స్ట్రాటజీ మీటింగ్‌కి వాళ్లే పిలుస్తారు.

ఏజెన్సీ_నుంచి

పైవాళ్లిద్దరూ చెప్పినవి మంచివే, కాదనను. కానీ ఒక్కో రిక్రూటర్ నెత్తిన నలభై పొజిషన్లు ఉన్నచోట ఇవేవీ నడవవు. ఒక్కోదానికి ఐదుగురు ఇంటర్వ్యూల్లో ఉన్నా రెండొందల మంది, అందరి పేర్లూ గుర్తుపెట్టుకోవడమే కష్టం, ఇక ఫోన్ చేసి ప్రేమగా చెప్పేదెక్కడ. మనిషితనం అంటే స్వభావం మారడం అనుకుంటారు, నా దృష్టిలో అది పని భారం విషయం. వెన్నెల గారు ముందు అడగాల్సింది తన టీమ్‌లో ఒక్కొక్కరికి ఎన్ని పొజిషన్లు అన్న హద్దు.

ఇంకో మాట, ఉద్యోగంలో ఉన్న కష్టాన్ని ముందే చెప్పేయండి. షిఫ్టులు మారతాయనీ, మొదటి నాలుగు నెలలు బోర్‌గా ఉంటుందనీ ఆఫర్‌కి ముందే చెప్తే కొందరు తప్పుకుంటారు, తప్పుకోనివ్వండి. పరిశోధకులు 1970ల నుంచీ దీన్ని రియలిస్టిక్ జాబ్ ప్రివ్యూ అంటున్నారు. దాచిపెట్టి చేర్పిస్తే మూడో నెలలో వెళ్లిపోతారు, మళ్లీ మనమే వెతకాలి.

మళ్లీ_మొదలు

నేను రిక్రూటర్‌ని కాదు, ఉద్యోగం వెతుక్కుంటున్నదాన్ని. అమ్మకి ఒంట్లో బాగోక రెండున్నరేళ్లు ఇంట్లో ఉన్నాను. మళ్లీ మొదలుపెట్టిన రోజుల్లో ఒక రాత్రి 2 గంటల 6 నిమిషాలకి అప్లై చేశాను, 2 గంటల 10 నిమిషాలకి రిజెక్షన్ మెయిల్ వచ్చింది. "మీ ప్రొఫైల్‌ని జాగ్రత్తగా పరిశీలించాం" అని ఉంది అందులో. ఆ టైమ్‌లో ఎవరూ చదివి ఉండరని నాకు తెలుసు, అయినా ఆ మాట చదివాక నిద్రపట్టలేదు. తర్వాత తెలిసింది, 2021లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్, యాక్సెంచర్ కలిసి చేసిన స్టడీలో, ఆరు నెలలకి మించి గ్యాప్ ఉంటే రెజ్యూమెని పక్కన పెట్టేసే కంపెనీలు దాదాపు సగం ఉన్నాయట.

ఒక్క కంపెనీలో మాత్రం వేరేలా జరిగింది. మూడు రౌండ్ల తర్వాత నన్ను తీసుకోలేదు. రిక్రూటర్ మెయిల్ పంపకుండా ఫోన్ చేశారు, ఏడు నిమిషాలు మాట్లాడారు. "మూడో ఎక్సర్‌సైజ్‌లో మీరు నంబర్లు కరెక్ట్‌గా తీశారు, కానీ వాటిని బట్టి ఏం చేయాలో రాయలేదు, సెలెక్ట్ అయినవాళ్లు అది రాశారు, తేడా అదే" అన్నారు. గ్యాప్ వల్ల కాదా అని అడిగాను. కాదండి అని స్పష్టంగా చెప్పారు. ఆ రోజు ఏడ్చాను గానీ అది వేరే ఏడుపు. తర్వాతి ఇంటర్వ్యూకి ఏం సరిచేసుకోవాలో నాకు తెలిసింది. నాకు ఉద్యోగం రాని ఆ కంపెనీకి ఇద్దరు స్నేహితుల్ని నేనే పంపాను.

అందరికీ ఫోన్ చేయడం కుదరదని పై ఆయన అన్నది అర్థమైంది. కానీ మీ కోసం సెలవు పెట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్న మనిషికైనా చేయాలి కదా.

డేటా_దారి

ఏఐ గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రెండు ముక్కలు. అమెజాన్ రెజ్యూమెలకి రేటింగ్ ఇచ్చే సిస్టమ్ ఒకటి కట్టుకుని, తర్వాత వదిలేసిందని 2018లో రాయిటర్స్ రాసింది. అంతకుముందు పదేళ్లలో వచ్చిన రెజ్యూమెలతో దానికి నేర్పించారు, వాటిలో ఎక్కువ మగవాళ్లవే, దాంతో "మహిళల" అన్న మాట ఉన్న రెజ్యూమెలకి అది మార్కులు తగ్గించడం నేర్చుకుంది. పాత అలవాటునే వేగంగా చేసిపెట్టింది, అంతే. న్యూయార్క్ నగరంలో ఇలాంటి టూల్స్ వాడాలంటే ఏటా పక్షపాతం మీద ఆడిట్ చేయించాలన్న చట్టం 2023 జులై నుంచి అమల్లో ఉంది, 2024లో వచ్చిన యూరోపియన్ యూనియన్ ఏఐ చట్టం ఉద్యోగ ఎంపికని హై రిస్క్ కింద పెట్టింది.

నేను ఇంటర్వ్యూ టైమింగ్స్ కుదర్చడం, నోట్స్, రిమైండర్లు మెషీన్‌కి వదిలేశాను. వద్దు అని చెప్పే నిర్ణయం మాత్రం మనిషిదే. వెన్నెల గారూ, మీ దగ్గర ఉన్న మూడు సాఫ్ట్‌వేర్లలో ఏదో ఒక దాంట్లో ఆటోమేటిక్ ఫిల్టర్ ఆన్‌లో ఉండే ఉంటుంది. ఈ వారం అది పక్కన పడేసిన వంద రెజ్యూమెలు తీసి, మీ టీమ్ ఐదుగురూ తలా ఇరవై చొప్పున చేత్తో చదవండి. మా దగ్గర అలా చదివితే, ఒక సర్టిఫికెట్ పేరుని పూర్తిగా రాయకుండా పొట్టి పేరుతో రాసినందుకే చాలామంది పోయారని తేలింది. ఆ ఫిల్టర్ ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో చెప్పగలిగినవాళ్లు కూడా ఎవరూ మిగల్లేదు.

పదిహేడేళ్ల_ప్రయాణం

ఏజెన్సీ గారి మాటకి జవాబు. నలభై పొజిషన్లున్నచోట నేనూ పనిచేశాను, అక్కడ చేయగలిగింది స్థాయిలుగా విడగొట్టడం. అప్లై చేసి ఆగిపోయినవాళ్లకి వారంలోపు మెయిల్, అబద్ధం లేని మెయిల్, "జాగ్రత్తగా పరిశీలించాం" లాంటివి తీసేసి. ఒక రౌండ్ మాట్లాడినవాళ్లకి రిక్రూటర్ పేరుతో సొంతంగా రాసిన నాలుగు లైన్లు. రెండు రౌండ్లు దాటితే ఫోన్. నలభై పొజిషన్లలో కూడా ఆ మూడో గుంపు వారానికి పదిమందికి మించలేదు మాకు. హద్దు గురించి మీరన్నది నిజమే, కానీ హద్దు ఇచ్చేదాకా ఆగితే అది ఎప్పటికీ రాదు.

వెన్నెల_టీఏ

మూడు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

ఒప్పుకున్న మేనేజర్ ఒక్కరే దొరికారు. ఆవిడతో 45 నిమిషాలు కూర్చుంటే రెండు పొజిషన్లు కలిపి ఒకటయ్యాయి, జేడీ సగానికి తగ్గింది. ఈసారి ఆరు ప్రొఫైల్స్ పంపితే నలుగురిని పిలిచారు. మిగతా మేనేజర్లు ఇంకా పాత దారిలోనే ఉన్నారు, ఒకాయన నా మీద హెచ్‌ఆర్ హెడ్‌కి మెయిల్ కూడా పెట్టారు. వంద రెజ్యూమెలు చదివాం. గ్యాప్ ఫిల్టర్ మా దగ్గర కూడా ఆన్‌లో ఉంది. మళ్లీ_మొదలు గారూ, మీ పోస్ట్ మా టీమ్‌కి చదివి వినిపించాను, ఆ రోజే తీసేశాం. రోజుల లెక్క ముక్కలు చేసిన స్లైడ్ వచ్చే సోమవారం పెడుతున్నాను, కొంచెం టెన్షన్‌గానే ఉంది.

23 రోజులు ఎదురుచూసిన ఆవిడకి ఫోన్ చేశాను. వేరేచోట చేరిపోయారు. క్షమించమని అడిగి, పొజిషన్ హోల్డ్ అయిందని, మీలో లోపమేం లేదని చెప్పాను. ఆవిడ ఒక్కటే అడిగారు, ఏ తేదీన హోల్డ్ చేశారు అని. రికార్డ్ చూసి చెప్పాను, నాలుగో రౌండ్‌కి ముందు రోజు. అవతల కాసేపు ఏం వినపడలేదు. ఆ రౌండ్ కోసం సెలవు దొరక్క, ఒంట్లో బాగోలేదని ఆఫీసులో అబద్ధం చెప్పి వచ్చారట.

అదే తేదీ, అదే విషయం రాసి ఫైనాన్స్ హెడ్‌కి మెయిల్ పెట్టాను. ఇకమీదట ఏ పొజిషన్ ఆపినా ఆ గంటలోనే మాకు తెలియజేస్తామన్నారు. చూడాలి.

పదిహేడేళ్ల గారూ, ఆ 45 నిమిషాల్లో మీరడిగే ప్రశ్నలు పూర్తిగా ఒకచోట రాసి ఉంటే పెట్టగలరా? గురువారం ఇంకో మేనేజర్‌తో కూర్చోబోతున్నాను, నా మీద హెచ్‌ఆర్ హెడ్‌కి మెయిల్ పెట్టినాయనే.